గట్టి బీఫ్ మెత్తబడాలంటే ముందు అది ఎందుకు గట్టిగా ఉందో చూడండి

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండి. కాలి పిక్క మాంసం కేజీ తెచ్చారు, చిన్న ముక్కలు చేసి టమాటా వేసి పెద్ద మంట మీద గంటంపావు ఉడికించారు, ముక్క సాగుతూనే ఉంది, ఇంకా ఉంచితే ఇంకా గట్టిపడుతుందేమో అని దించేశారు, మీ నాన్నగారికి కట్టుడు పళ్లు కాబట్టి ఆయన ఒక్క ముక్క కూడా నమల్లేక గ్రేవీతోనే సరిపెట్టుకున్నారు. ఫ్రిజ్‌లో ఇంకో కేజీ తొడ మాంసం ఉంది, దానికి బొప్పాయి పట్టించాలా వంటసోడా పట్టించాలా అని అడిగారు.

సూటిగా చెప్తా. మీరు ఎక్కువ ఉడికించలేదు, తక్కువ ఉడికించారు. పిక్క మాంసానికి గంటంపావు అంటే సగం దారి కూడా కాదు, పైగా అది సరిగ్గా ముక్క అన్నిటికన్నా గట్టిగా ఉండే టైమ్. తొడ మాంసం సంగతి పూర్తిగా వేరు, పిక్కకి పనిచేసేది దానికి పనిచెయ్యదు, అందుకే రెండిటికీ ఒకటే చిట్కా చెప్పేవాళ్ల మాట వినకండి. నేను చాలా ఏళ్లుగా పెద్ద గిన్నెల్లో వండుతున్నా, నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాంసం నమలడానికి కష్టంగా ఉండటానికి రెండు కారణాలు ఉంటాయి, ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి, అదే అసలు చిక్కు. ఒకటి కండ పోగులు. రెండోది ఆ పోగుల్ని చుట్టి కట్టి ఉంచే తెల్లటి పొరలు, నరాలు, అంటే కొల్లాజెన్. గడ్డిమోపు గుర్తు తెచ్చుకోండి, పరకలు కండ పోగులైతే మోపు చుట్టూ బిగించిన తాడు కొల్లాజెన్. వేడి తగిలితే పోగులు ముడుచుకుని లోపలి నీళ్లు వదిలేసి గట్టిపడతాయి, కొల్లాజెన్ కూడా మొదట ముడుచుకుంటుంది కానీ తడిలో వేడి చాలాసేపు తగిలితే మెల్లగా కరిగి జెలటిన్ అయిపోతుంది, అప్పుడే ముక్క వేలితో నొక్కితే విడిపోతుంది.

అంకెల్లో చెప్పాలంటే (అన్నీ సెల్సియస్ లెక్క) ముక్క లోపల 50 డిగ్రీలు దాటేసరికి పోగులు బిగుసుకోవడం మొదలవుతుంది. 60 నుంచి 65 మధ్య కొల్లాజెన్ ముడుచుకుని పోగుల్ని పిండేస్తుంది, గిన్నెలో ఒక్కసారిగా నీళ్లు ఊరేది ఇప్పుడే. 70, 75 దగ్గరికి వచ్చేసరికి పోగులు దాదాపు పూర్తిగా బిగుసుకుపోతాయి. కొల్లాజెన్ కరగడం చెప్పుకోదగ్గట్టు మొదలయ్యేది కూడా ఇంచుమించు 70 దగ్గరే, కానీ అక్కడ చాలా నిదానం, 80, 90 కి వెళ్తే స్పీడ్ అందుకుంటుంది. అంటే గట్టిపడటం నిమిషాల్లో అయిపోతుంది, కరగడానికి గంటలు పడుతుంది. మధ్యలో గంట, గంటన్నర వరకు ముక్క పచ్చిగా ఉన్నప్పటికన్నా గట్టిగానే ఉంటుంది, ఇది తెలియకే చాలామంది సరిగ్గా అక్కడే స్టవ్ కట్టేస్తారు. టమాటా వల్ల గట్టిపడిందేమో అని కూడా అడిగారు కదా, కాదండి, పులుపు కూరగాయల్ని, పప్పుల్ని ఉడకనివ్వదు అనేది నిజమే కానీ కొల్లాజెన్ కరగడానికి కాస్త పులుపు అడ్డం కాదు, సాయమే చేస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ముక్క నోట్లో పెట్టుకుని ఏ రకంగా గట్టిగా ఉందో చూడాలి, "గట్టిగా ఉంది" అంటే సరిపోదు.

పంటి కింద నొక్కితే మళ్లీ పైకి లేస్తోంది, సాగుతోంది, ఎంత నమిలినా తెగట్లేదు, ఫోర్క్ గుచ్చితే ముక్క ఫోర్క్‌ని పట్టుకుని పైకి వచ్చేస్తోంది అంటే కొల్లాజెన్ ఇంకా కరగలేదు. దీనికి మందు టైమ్ ఒక్కటే. ఇంకా ఉడికించాలి, భయపడకుండా.

అలా కాకుండా ముక్క సులువుగానే విడిపోతోంది కానీ పీచు పీచుగా వస్తోంది, పొడిగా ఉంది, గొంతు దిగట్లేదు, పళ్ల సందుల్లో ఇరుక్కుంటోంది అంటే కొల్లాజెన్ కరిగిపోయింది, లేదా ఆ ముక్కలో అసలు పెద్దగా లేదు, పోగులు మాత్రం నీళ్లన్నీ వదిలేసి ఎండిపోయాయి. దీన్ని ఇంకా ఉడికిస్తే ఇంకా పాడవుతుంది. దీనికి మందు వేరే, సన్నగా అడ్డంగా కోసి గ్రేవీలో కలపడమో, విడదీసి రసం పట్టించడమో చెయ్యాలి. ఈ రెండిటికీ తేడా తెలియక మొదటి రకాన్ని దించేసి రెండో రకాన్ని ఉడికిస్తూ కూర్చుంటారు.

మీది మొదటి రకం అని మీరు రాసిన "సాగుతోంది" అన్న మాటతోనే తెలిసిపోయింది. కాబట్టి నిన్నటి కూర ఇంకా ఫ్రిజ్‌లో ఉంటే పారెయ్యకండి. గిన్నెలో వేసి ముక్కలు ముప్పాతిక మునిగేట్టు వేడినీళ్లు పోసి, ఒకసారి మరగనిచ్చి, మంట బాగా తగ్గించి మూత పెట్టి ఇంకో గంట, గంటన్నర వదిలెయ్యండి. ప్రతి 20 నిమిషాలకి ఒక ముక్క తీసి నొక్కి చూడండి. ఒక టైమ్‌కి ముక్క ఒక్కసారిగా లొంగినట్టు అవుతుంది, 20 నిమిషాల క్రితం తెగనిది ఇప్పుడు చెంచా అంచుతో తెగుతుంది, అక్కడ ఆపెయ్యండి. గ్రేవీ పలచనైతే ముక్కలు పక్కకి తీసి గ్రేవీ ఒక్కదాన్ని దగ్గరికి మరిగించుకోవచ్చు, ముక్కలతో కలిపి మరిగించకండి.

ఇక ఏ ముక్క ఎలాంటిదో. లెక్క సులువే, జంతువు ఏ కండని ఎక్కువ వాడితే అక్కడ కొల్లాజెన్ ఎక్కువ. కాలి పిక్క, మెడ, జబ్బ, రొమ్ము, తోక, దవడ, ఇవన్నీ మొదట చాలా గట్టివి, టైమిస్తే మాత్రం మిగతావాటికన్నా మెత్తగా, జిగురుగా, రుచిగా వచ్చేవి ఇవే. వెన్ను పక్కన లోపలి కండ ఎక్కువ కదలదు కాబట్టి త్వరగా అయిపోతుంది, దాన్ని గంటలకొద్దీ ఉడికిస్తే ఎండిపోతుంది. తొడ వెనక కండ ఈ రెండిటికీ మధ్యది, పనిచేసిన కండే కానీ కొవ్వు తక్కువ, కొల్లాజెన్ పిక్కలో ఉన్నంత ఉండదు. నన్నడిగితే వండటానికి అన్నిటికన్నా కష్టమైన ముక్క అదే, దాని గురించి కింద విడిగా చెప్తా. పొట్ట పక్కన ఉండే పలచటి కండ పోగులు పొడుగ్గా కంటికి కనిపిస్తాయి, దానికి వంట కన్నా కోత ముఖ్యం.

జంతువు వయసు కూడా చూడాలి. వయసు పెరిగేకొద్దీ కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి గట్టిగా ముడిపడిపోయి వేడికి అంత తొందరగా కరగవు. అందుకే ఏదో వీడియోలో గంటన్నర అన్నారని మీకూ గంటన్నరలో అవ్వాలని లేదు, లేత జంతువు పిక్క రెండు గంటల్లో అయితే ముదురుది మూడున్నర గంటలు తీసుకోవచ్చు. గడియారం చూసి కాదు, ముక్కని నొక్కి చూసి దించాలి.

మెడ భాగంలో ఒక్కోసారి పసుపు రంగులో తాడులాంటి గట్టి నరం వస్తుంది, లాగితే సాగి మళ్లీ వెనక్కి వెళ్తుంది. అది కొల్లాజెన్ కాదు ఎలాస్టిన్, ఎన్ని గంటలు ఉడికించినా కరగదు, చూడగానే కోసి తీసెయ్యండి. తెల్లగా ఉండే నరాలు మాత్రం తియ్యకండి, ఎక్కువసేపు ఉడికించే కూరలో అవే మెత్తగా కరిగి గ్రేవీకి చిక్కదనం ఇస్తాయి. కండ పైన మెరుస్తూ ఉండే దళసరి పొరని మాత్రం, ముఖ్యంగా వేపుడు చెయ్యాలనుకుంటే, కత్తి మొన దూర్చి ఒలిచేసుకోండి, అది వేడికి ముడుచుకుని ముక్కనంతా వంకర చేస్తుంది.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. బాగా తాజా మాంసం అంటే మెత్తగా ఉంటుంది అనుకుంటారు, అది నిజం కాదు. కోసిన కొన్ని గంటల్లో కండలు బిగుసుకుపోతాయి, పెద్ద జంతువుల్లో ఈ బిగింపు పూర్తవ్వడానికి ఇంచుమించు ఒక రోజు దాకా పడుతుంది, ఆ టైమ్‌లో వండితే మాంసం బాగా గట్టిగా వస్తుంది. ఆ తర్వాత కండలో ఉన్న ఎంజైములే మెల్లగా పోగుల్ని తెంపుతూ వస్తాయి, మాంసం పెద్ద ఎత్తున సరఫరా చేసేవాళ్లు 0 నుంచి 4 డిగ్రీల చలిలో వారం, రెండు వారాలు వేలాడదీసి ఉంచేది అందుకే. ఇంట్లో మనం అంత చెయ్యలేం, చెయ్యకూడదు కూడా, కానీ అప్పుడే కోసిన మాంసం తెస్తే ఫ్రిజ్‌లో మూత పెట్టి ఒక రోజు, రెండు రోజులు ఉంచి వండితే తేడా తెలుస్తుంది. వీలైతే చిన్న ముక్కలు కొట్టించకుండా ఎముకతో ఉన్న పెద్ద ముక్కగా తెచ్చుకోండి, ఎముకకి అతుక్కుని ఉన్న కండ ముడుచుకోలేదు. వేడి కూడా తగ్గని మాంసాన్ని నేరుగా డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, బిగింపు రాకముందే గడ్డకట్టిన కండ తర్వాత మంచు కరిగేటప్పుడు విపరీతంగా ముడుచుకుంటుంది, దాన్ని ఇక ఏ వేపుడుకీ వాడలేం. ఫ్రీజ్ చేసింది ఏదైనా ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి నిదానంగా కరగనివ్వండి.

కోత గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు, టైమ్ పట్టదు, కట్టుడు పళ్ల వాళ్లకి దీనంత ఉపయోగపడేది ఇంకోటి లేదు. మాంసం ముక్కని వెలుగులో పెట్టి చూస్తే పోగులు ఒకే వైపు గీతల్లా కనిపిస్తాయి. కత్తి ఆ గీతలకి అడ్డంగా వెళ్లాలి. గీతల వెంట నిలువుగా కోస్తే ప్రతి ముక్కలో పొడుగు పోగులు ఉండిపోతాయి, వాటిని తెంపాల్సిన పని పళ్ల మీద పడుతుంది. అడ్డంగా 3, 4 మిల్లీమీటర్ల మందంలో కోస్తే పోగు పొడుగు కూడా అంతే అయిపోతుంది, ఇక తెంపడానికేం ఉండదు. రొమ్ము లాంటి వాటిలో రెండు కండలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, పైదాని గీతలు ఒకవైపు కిందిదాని గీతలు ఇంకోవైపు పోతాయి, కాబట్టి కోసేటప్పుడు మధ్యలో ముక్కని తిప్పుకోవాలి. పెద్ద ముక్కగా ఉడికించేట్టయితే పచ్చిగా ఉన్నప్పుడే ఒక మూల చిన్న గాటు పెట్టి దిక్కు గుర్తు పెట్టుకోండి, ఉడికి రంగు మారాక గీతలు సరిగ్గా కనపడవు. పచ్చి మాంసం జారుతూ సన్నగా తెగట్లేదంటే అరగంట ఫ్రీజర్‌లో పెట్టి తీయండి, కాస్త బిగుస్తుంది, అప్పుడు కత్తి మాట వింటుంది.

కూరకి మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే మరీ చిన్న ముక్కలు చెయ్యకండి, 4 సెంటీమీటర్లు ఉండాలి. చిన్న ముక్కలు పైన ఎండిపోతాయి, విరిగిపోతాయి. తినేముందు చిన్నవి చేసుకోవడం మేలు.

ఉడికించే విధానానికి వస్తే మొదట ముక్కల్ని తడి లేకుండా తుడిచి నూనెలో కొద్ది కొద్దిగా ఎర్రగా వేయించుకోవచ్చు, అది రుచి కోసం, రంగు కోసం, అంతే. అలా వేయిస్తే రసం లోపల ఆగిపోతుంది అంటారు కానీ ఆగదు. తర్వాత నీళ్లు పోసి మరుగు రాగానే మంట తగ్గించాలి. నీళ్ల పైన అక్కడొకటి ఇక్కడొకటి బుడగ రావాలి, అంతకుమించి కళపెళా మరగకూడదు. పెద్ద మంట పెడితే త్వరగా ఉడుకుతుంది అనుకోవడం సహజమే కానీ మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు, మంట పెంచితే నీళ్లు తొందరగా ఆవిరైపోవడం, ముక్కలు ఒకదానికొకటి కొట్టుకుని చెదరడం తప్ప కొల్లాజెన్‌కి పెద్దగా ఒరిగేదేం లేదు. 85 నుంచి 95 మధ్య ఉంటే చాలు. ఓవెన్ ఉంటే మూత బిగుతుగా ఉన్న గిన్నెని 150 డిగ్రీల్లో పెట్టి మర్చిపోవచ్చు, అన్ని వైపుల నుంచీ సమంగా వేడి తగులుతుంది, అడుగంటదు. జబ్బ, మెడ ముక్కలకి రెండు నుంచి రెండున్నర గంటలు, పిక్క, దవడ, తోక లాంటివాటికి మూడు నుంచి నాలుగు గంటలు పెట్టుకోండి, ముందే చెప్పినట్టు వయసుని బట్టి అటూ ఇటూ అవుతుంది. మధ్యలో నీళ్లు తగ్గితే వేడినీళ్లే పొయ్యండి, చన్నీళ్లు పోస్తే గిన్నె వేడి పడిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

అంత గ్యాస్, అంత టైమ్ లేదంటే ప్రెషర్ కుక్కరే. లోపల 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి మూడు గంటల పని ముప్పావు గంట, గంటలో అయిపోతుంది. ఇక్కడ అందరూ విజిల్స్ లెక్కపెడతారు, నేను వద్దంటాను, ఎందుకంటే విజిల్ ఎంతసేపటికి వస్తుందనేది మంటని బట్టి, కుక్కర్ సైజుని బట్టి, అందులో ఎంత నీళ్లు పోశారన్న దాన్ని బట్టి మారిపోతుంది, మీ ఎనిమిది విజిల్స్ నా ఎనిమిది విజిల్స్ ఒకటి కాదు. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి అక్కణ్నుంచి నిమిషాలు చూడండి. జబ్బ ముక్కలకి 35, పిక్కకి 45 నిమిషాలు పెట్టి స్టవ్ కట్టేసి ప్రెషర్ దానంతట అదే దిగేదాకా వదిలెయ్యండి. విజిల్ ఎత్తి ఆవిరి ఒక్కసారిగా వదిలితే ముక్కల లోపల ఉన్న తడి కూడా ఆ క్షణంలో ఆవిరైపోతుంది, గ్రేవీలో మునిగి ఉన్న ముక్క కూడా పొడిగా ఉండేది అందుకే. తీసి చూశాక ఇంకా సాగుతుంటే మళ్లీ మూత పెట్టి ఇంకో 10 నిమిషాలు, అంతే. ఒకేసారి చాలా ఎక్కువ పెట్టేస్తే ముక్క మెత్తబడటం దాటిపోయి పీచైపోతుంది, దాన్ని వెనక్కి తేలేం.

ఉడికాక వెంటనే ముక్కల్ని గ్రేవీలోంచి తీసి ఆరబెట్టకండి. గ్రేవీలోనే చల్లారుతుంటే కొంత రసం వెనక్కి పీల్చుకుంటుంది. మర్నాటికి ఈ కూర ఇంకా బాగుంటుంది, పైగా ఫ్రిజ్‌లో గట్టిపడిన పెద్ద ముక్కని చెదరకుండా సన్నగా కోసుకోవచ్చు, తర్వాత గ్రేవీలో వేసి వేడి చేసుకోవచ్చు. కాకపోతే పెద్ద గిన్నెని అలాగే స్టవ్ మీద రాత్రంతా వదిలెయ్యకండి, వెడల్పు పాత్రల్లోకి సర్ది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, తినేముందు మరుగు వచ్చేదాకా కాయండి.

ఇప్పుడు మీరు అడిగిన బొప్పాయి, సోడా. రెండూ పనిచేస్తాయి, కానీ ముక్క పైభాగం వరకే, లోపలికి కొన్ని మిల్లీమీటర్లకి మించి దిగవు. కాబట్టి పిక్క ముక్కల కూరకి ఇవి అక్కర్లేదు, పైన గుజ్జు లోపల సాగుడు అనే పరిస్థితి వస్తుంది. సన్నగా కోసి తొందరగా వేయించేవాటికే ఇవి.

పచ్చి బొప్పాయిలో ఉండే పపైన్ అనే ఎంజైము పోగుల్నీ కొల్లాజెన్‌నీ రెండిటినీ తెంపుతుంది. పండిన బొప్పాయిలో అది చాలా తక్కువ, పచ్చిదే కావాలి, తొక్కు దగ్గర ఎక్కువ ఉంటుంది. తమాషా ఏంటంటే ఫ్రిజ్‌లో నానేటప్పుడు అది పెద్దగా పనిచెయ్యదు, గిన్నె వేడెక్కి ముక్క 50 నుంచి 70 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు జోరుగా పనిచేస్తుంది, ఇంకా వేడెక్కితే చచ్చిపోతుంది. అందుకే రాత్రంతా నానబెట్టడం వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువ. కేజీకి ఒక టేబుల్ స్పూన్ గుజ్జు, సన్న ముక్కలకి అరగంట, కాస్త మందంగా ఉంటే గంట, అంతకుమించి వద్దు. పైనాపిల్, కివి, అల్లం కూడా ఇదే పని చేస్తాయి, టిన్నులో వచ్చే పైనాపిల్ మాత్రం చెయ్యదు ఎందుకంటే టిన్ను నింపేటప్పుడు వేడి చేస్తారు, ఎంజైము అక్కడే పోతుంది. బజార్లో మీట్ టెండరైజర్ అని పొడి అమ్ముతారే, అందులో కూడా ఎక్కువగా ఉండేది పపైనో, పైనాపిల్ ఎంజైమో.

వంటసోడా వేరే దారిలో పనిచేస్తుంది, మాంసం పైన పీహెచ్ పెంచుతుంది, అంటే పులుపు గుణం తగ్గిస్తుంది, దాంతో పోగులు వేడికి అంత గట్టిగా బిగుసుకోలేవు, నీళ్లు పట్టుకుని ఉంటాయి. అరకేజీ సన్న ముక్కలకి ముప్పావు టీస్పూన్ సోడా, రెండు స్పూన్ల నీళ్లు కలిపి పట్టించి 15 నుంచి 20 నిమిషాలు, తర్వాత నీళ్లు పోసి శుభ్రంగా కడిగి పిండి ఆరబెట్టాలి, కడక్కపోతే సబ్బు వాసన వస్తుంది. నా చేతికి బొప్పాయి కన్నా ఇదే నమ్మకంగా వస్తుంది.

పెరుగు, నిమ్మరసం గురించి కూడా చెప్పేస్తా. పెరుగు పర్లేదు, మెల్లగా పైపైన పనిచేస్తుంది, రుచి బావుంటుంది. నిమ్మరసం ఎక్కువ పోసి ఎక్కువసేపు ఉంచితే పైపొర తెల్లబడి ఎండిపోతుంది. వీటన్నిటికన్నా ఉప్పు గొప్పది, కేజీకి 10, 12 గ్రాముల ఉప్పు ముందురోజు పట్టించి ఫ్రిజ్‌లో పెడితే అది మాత్రం లోపలిదాకా దిగుతుంది, పోగులు నీళ్లు వదలకుండా పట్టుకుంటాయి. ముందే ఉప్పేస్తే మాంసం గట్టిపడుతుందన్న భయం అక్కర్లేదు, అయితే కూరలో మళ్లీ వేసేటప్పుడు లెక్క చూసుకోండి.

రోకలితోనో చపాతీ కర్రతోనో కొట్టడం కూడా మంచి పద్ధతే, పోగులు చేతి బలంతోనే తెగుతాయి, ప్లాస్టిక్ కవర్ మధ్య పెట్టి సమంగా కొట్టండి. సూదులు గుచ్చే టెండరైజర్ వాడితే మాత్రం ఒక జాగ్రత్త, ముక్క పైన ఉండే బ్యాక్టీరియా లోపలికి వెళ్తుంది, కాబట్టి దాన్ని కీమాలాగే చూడాలి, మధ్యలో 71 డిగ్రీలు దాటేలా పూర్తిగా ఉడకాలి.

ఇక మీ ఫ్రిజ్‌లో ఉన్న తొడ మాంసం. దీన్ని పిక్కలాగా మూడు గంటలు ఉడికించారంటే కరగడానికి కొల్లాజెన్ ఎక్కువ లేదు, తడి ఇవ్వడానికి కొవ్వు లేదు, పీచు మిగులుతుంది. గంట ఉడికిస్తే సాగుతుంది. అందుకని మధ్యలో ఆగకుండా ఏదో ఒక చివరికి వెళ్లాలి. మిగతా వాళ్లకి సగం వేపుడు చేసుకోండి: అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, పోగులకి అడ్డంగా 3 మిల్లీమీటర్లు కోసి, సోడా పట్టించి కడిగి, మూకుడు బాగా కాలాక కొన్ని కొన్ని ముక్కలుగా వేసి రెండు మూడు నిమిషాల్లో తీసెయ్యండి. అన్నీ ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి నీళ్లూరి ముక్కలు ఆ నీళ్లలో ఉడుకుతాయి, అది మనం తప్పించుకోవాలనుకున్న గట్టి ముక్కే.

మీ నాన్నగారికి మాత్రం మిగతా సగం కీమా చెయ్యమని చెప్తాను. కట్టుడు పళ్లతో పక్కలకి గట్టిగా రుబ్బి నమలడం కష్టం, పళ్లు కదులుతాయి, కాబట్టి ఆయనకి కావాల్సింది పోగు పొడుగు తగ్గడం, తడి ఉండటం. రెండుసార్లు మిషన్‌లో ఆడించుకోండి, లేదా కత్తితో అడ్డంగా, తర్వాత నిలువుగా బాగా సన్నగా కొట్టుకోండి. గ్రేవీగా వండేట్టయితే కొంచెం నీళ్లలో చల్లగా ఉన్నప్పుడే కీమాని చేత్తో విడదీసి ఆ తర్వాత స్టవ్ మీద పెట్టండి, ఉండలు కట్టదు, ఆపైన నలభై నిమిషాలు సిమ్‌లో ఉడకనివ్వండి. ఉండలుగా చెయ్యాలంటే పాలలో నానబెట్టిన బ్రెడ్ గుజ్జు కలపండి, అది తడిని పట్టి ఉంచుతుంది, ఉప్పు చివర్లో ఉండలు చుట్టేముందు వెయ్యండి, ముందే వేసి బాగా పిసికితే పోగులు అంటుకుని ఉండ బిగుసుగా, సాగుడుగా వస్తుంది, ఇక్కడ మాత్రం ముందు ఉప్పు పనికిరాదు.

పిక్క కూర కూడా ఆయన తినొచ్చు, మెత్తగా ఉడికాక ముక్కని పోగులకి అడ్డంగా సెంటీమీటరు పొడుగు తరిగి, తర్వాత ఫోర్క్‌తో విడదీసి గ్రేవీలో బాగా కలపండి. తరగకుండా విడదీస్తే పొడుగు దారాలు వస్తాయి, అవి గొంతులో అడ్డం పడతాయి. వయసులో నోట్లో లాలాజలం తక్కువగా ఉండేవాళ్లు చాలామంది ఉంటారు, మాంసం ఎంత మెత్తగా ఉన్నా గ్రేవీ లేకపోతే మింగలేరు, కాబట్టి ఆయన ప్లేట్‌లో కాస్త ఎక్కువే పొయ్యండి. మింగడం కష్టమైన పెద్దవాళ్లకి వండేచోట్ల వాడే అంతర్జాతీయ కొలత ఒకటుంది, ముక్క ఒకటిన్నర సెంటీమీటర్లకి మించకూడదు, ఫోర్క్ మీద బొటనవేలితో గోరు తెల్లబడేంత నొక్కితే ముక్క నలిగిపోవాలి, వేలు తీశాక మళ్లీ మునుపటి ఆకారానికి రాకూడదు. ఆయన ప్లేట్‌లో పెట్టేముందు రెండు మూడు ముక్కలు అలా నొక్కి చూడండి. తినేటప్పుడు ఆయనకి దగ్గు వస్తున్నా, గొంతులో ఆగినట్టు ఉందంటున్నా అది మాంసం గట్టిదనం సంగతి కాకపోవచ్చు, వంట మార్చేముందు డాక్టర్‌కి చూపించండి.

ఇవాళ సాయంత్రం నిన్నటి గిన్నెని సిమ్‌లో పెట్టండి. తొడ మాంసం ఫ్రిజ్‌లోకి వచ్చి మూడు రోజులు అయిపోయి ఉంటే మాత్రం అది కూడా ఇవాళే వండెయ్యండి, ఇంకా కాలేదంటే వేపుడు ముక్కలకి ఇప్పుడే ఉప్పు పట్టించి రేపటికి ఉంచండి, కీమాకి ఉంచిన సగానికి వద్దు.